నెల పట్టిన రోజుల్లో మా రామాలయం

మా చిన్నప్పుడు పిల్లలకు భక్తి నేర్పడమంటూ విడిగా ఒక కార్యక్రమం ఉండేది కాదు. శ్లోకాల క్లాసులు లేవు, పోటీలు లేవు, బహుమతులూ లేవు. సంక్రాంతి నెల, అంటే ధనుర్మాసం పడితే చాలు, డిసెంబరు 16న మొదలై భోగి దాకా మా చేతికి రోజూ ఏదో ఒక పని వచ్చి పడేది. దేవుడంటే ఏమిటో, మనుషులతో ఎలా మెలగాలో ఆ పనుల్లోనే మాకు ఒంటబట్టింది. ఇవాళ పిల్లలకు మంచీ చెడూ ఎలా నేర్పాలా అని దిగులుపడే అమ్మలూ నాన్నలూ చుట్టూ చాలామంది కనిపిస్తున్నారు. అందుకే గుర్తున్నంతవరకూ రాస్తున్నాను.

మాది కృష్ణా జిల్లాలో ఘంటసాలకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. శ్రీకాకుళం మాకు పక్కనే. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న శ్రీకాకుళం. శ్రీకృష్ణదేవరాయలు కళింగం మీదికి దండెత్తి వెళ్తూ అక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం చేశాడనీ, ఆ రాత్రి స్వామి కలలో కనబడి గోదాదేవి పెళ్ళికథ తెలుగులో రాయమన్నాడనీ, అలా ఆముక్తమాల్యద పుట్టిందనీ మా ఊళ్ళో చదువు రానివాళ్ళకు కూడా తెలుసు. ఎక్కడో తమిళదేశంలో శ్రీవిల్లిపుత్తూరులో పుట్టిన గోదమ్మ మాకు అందుకే మా వీధి ఆడపిల్లలా అనిపించేది. తోటలో పూలు కోసి, దండ కట్టి, స్వామికి పంపేముందు తను వేసుకుని చూసుకున్న పిల్ల. ఆ కథ చెప్పమని నాయనమ్మను ఎన్నిసార్లు అడిగేవాళ్ళమో.

తెల్లవారుజామున గుళ్ళో జేగంట మోగేసరికే నాయనమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లేసి ఉండేది. ఆ నెలంతా ముగ్గులు పెద్దవే. వాకిలంతా ముగ్గుపిండితో వేసినా, గడప ముందు గీతలు మాత్రం బియ్యప్పిండితోనే పెట్టేది. ఆ పిండిగిన్నె పట్టుకుని పక్కన నిలబడటం నా పని. ఎండెక్కేసరికి చీమలు బారులు కట్టి ఆ పిండి మోసుకుపోయేవి. ముగ్గు చెరిగిపోతోందని నేను వాటిని ఊదబోతే, "ఉండనియ్యవే, వాటికోసమేగా పెట్టింది" అనేది. భూతదయ గురించి ఆవిడ నాకు అంతకుమించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు తేవడం పిల్లల వంతు. పాదులో మగపూలే కోయాలి. అడుగున బుడిపెలా పిందె ఉన్న పువ్వు జోలికి పోకూడదు. ఏది ఏదో తెలియక నిలబడితే, ఆకు కిందికి చెయ్యి పెట్టి తొడిమ తడిమి చూడమనేది. పొరుగువాళ్ళ పాదయితే వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడి అడిగి కోయాలి. దేవుడికోసమే కదా అని అడక్కుండా కోస్తే ఆ పువ్వు దేవుడికి చెందదని ఆవిడ లెక్క. ఎండిన గొబ్బిపిడకలు దాచిపెట్టి, రథసప్తమి రోజు వాటిమీదే పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం చేసేది. ఏదీ పారేసేది కాదు.

కాస్త వెలుగొచ్చాక హరిదాసు వచ్చేవాడు. తలమీద రాగి అక్షయపాత్ర, దాని చుట్టూ బంతిపూల దండ, చేతిలో చిడతలు, భుజాన తంబూరా, కాళ్ళకు గజ్జెలు. పొద్దున తలకెత్తుకున్న పాత్రను మళ్ళీ ఇల్లు చేరేదాకా దించడు. నోరు తెరిచి ఎవరినీ అడగడు. కీర్తన పాడుకుంటూ పోతాడంతే, పెట్టాలనుకున్నవాళ్ళే బయటికి రావాలి. పిల్లలు ఎదురొస్తే మాత్రం, మా చెయ్యి పాత్రకు అందేలా వీధిలోనే మోకాళ్ళమీద కూర్చునేవాడు.

నాయనమ్మ బియ్యం డబ్బా మూత తీసి "నీ దోసిట్లో పట్టినన్ని తీసుకో" అనేది. మరీ ఎక్కువయ్యాయేమోనని కాసిని వెనక్కి పోయబోతే ఒప్పుకునేది కాదు. ఇద్దామని తీశాక ఇక అవి మనవి కావు. దోసిలి పాత్ర అంచుకు ఆనించి మెల్లగా వదలాలి, పైనుంచి కుమ్మరించకూడదు. వేశాక ఆయనకు దణ్ణం పెట్టాలి. బియ్యం ఇచ్చేదీ మనమే, దణ్ణం పెట్టేదీ మనమేనా అని ఒకసారి అడిగాను. "ఆయన రాకపోతే నువ్వెవరికి పెడతావే?" అంది. పెళ్ళయి, నాకంటూ ఒక ఇల్లు ఏర్పడి, అవసరంలో ఉన్న చుట్టాలూ పక్కాలూ ఆ గుమ్మం తొక్కడం మొదలయ్యాక ఆ జవాబు నాకు పదేపదే అక్కరకొచ్చింది.

ఇక గుడి. తిరుమలలో కూడా ఈ నెలంతా సుప్రభాతం ఆపి, గోదమ్మ తమిళంలో పాడిన తిరుప్పావై చదువుతారు. అందులో ఒక్కో పాటను పాశురం అంటారు. మా రామాలయంలో అర్చకులు ఆచార్యులు గారు రోజుకో పాశురం చొప్పున 30 పాశురాలు చదివి, తెలుగులో నాలుగు మాటలు చెప్పేవారు. పెద్దవాళ్ళకు చెప్పే వ్యాఖ్యానం వేరు, ముందు వరసలో దుప్పట్లు కప్పుకుని ముడుచుకు కూర్చున్న మాకు చెప్పేది వేరు. రెండో పాశురంలో వ్రతం పట్టినవాళ్ళు ఏం చేస్తారో, ఏం మానేస్తారో ఉంటుంది. నెయ్యి తినం, పాలు తాగం, చీకటితోనే స్నానం చేస్తాం, కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం, చేయకూడనివి చేయం, ఒకరిమీద చాడీలు చెప్పం, అడిగినవాళ్ళకు ఉన్నంతలో పెడతాం. ఆచార్యులు గారు ఇదంతా చెప్పి, "ఎదిగే పిల్లలు, పాలూ నెయ్యీ మీరు మానక్కర్లేదు. ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. ఈ నెల్లాళ్ళూ చాడీలు మానండి, చూద్దాం" అన్నారు.

సరిగ్గా ఆ నెలలోనే మా చిన్నాన్న కొడుకు, నాకంటే ఏడాది చిన్నవాడు, గుళ్ళో చక్కెరపొంగలికని నాయనమ్మ దేవుడి గూట్లో పెట్టిన కొత్త బెల్లం అచ్చు మూల విరుచుకుని తినేశాడు. నేను చూశాను. మధ్యాహ్నం నాయనమ్మ "ఎవరర్రా బెల్లం విరిచింది?" అంది. ఎవరూ నోరు మెదపలేదు. ఆవిడ నావైపు చూసింది. నేను ఉన్నపళంగా గుడికి పరిగెత్తాను. ఆచార్యులు గారు మండపంలో కూర్చుని తులసి దళాలు ఏరుతున్నారు.

"ఆచార్యులు గారండీ, అడిగితే చెప్పడం కూడా చాడీయేనా?"

"ఎవరడిగారమ్మా? ఎవరి సంగతి?"

"అది చెప్తే చాడీ అయిపోతుంది కదండీ."

ఆయన నవ్వి, చేతిలో పళ్ళెం పక్కన పెట్టారు. "వాడికి చీవాట్లు పడాలని పనిగట్టుకుని వెళ్ళి చెప్పేది చాడీ తల్లీ. పెద్దవాళ్ళు అడిగినప్పుడు అబద్ధం ఆడకూడదు. అయితే దానికన్నా ముందు ఇంకో పనుంది. వాడి దగ్గరికే వెళ్ళి, నీ అంతట నువ్వే చెప్పెయ్, నేను పక్కనుంటాను అను."

వాడు చెప్పేశాడు. చెప్పి ఊరుకోకుండా, "గోదమ్మ కూడా దేవుడికన్నా ముందే దండ వేసుకుందిగా!" అన్నాడు. నాయనమ్మ కోపంగా మొదలుపెట్టి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆవిడ స్వామికి నప్పుతుందా లేదా అని చూసిందిరా. నువ్వేం చూశావు?" "బెల్లం బాగుంది నాయనమ్మా." ఆ సాయంత్రం దీపాలకు వత్తులన్నీ వాడి చేతే చేయించింది. తిట్టలేదు, కొట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత మా ఇళ్ళల్లో పొలాల పంపకాలు జరిగినప్పుడు మాటా మాటా చాలానే అనుకున్నాం. ఏం అనుకున్నా ఎదురుగానే. ఒకరి వెనక ఒకరు వేరేవాళ్ళ దగ్గర చెప్పుకోలేదు. ఆచార్యులు గారి చలవే అది అని వాడూ అంటాడు, నేనూ అంటాను.

ఏడెనిమిదేళ్ళ పిల్లల ముందు సత్యం, ధర్మం, అహింస అని పెద్దపెద్ద మాటలు పెడితే వాళ్ళకు ఆవులింతలు వస్తాయి. ఆయన మాకు ఒకే ఒక్క అలవాటు ఇచ్చారు. దానికి ఒక నెల గడువు పెట్టారు. సందేహం వస్తే అడగడానికి తను అందుబాటులో ఉన్నారు. ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం.

నాన్న పెద్దగా గుడికి వచ్చే మనిషి కాదు. కానీ విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారి ఉపన్యాసం వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఎవరైనా పంచాయితీ తీసుకొస్తే, అయ్యేదాకా కూర్చోమనేవాడు. భారతం వింటూ మధ్యలో మమ్మల్ని "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగేవాడు. జవాబు తప్పైనా సరిదిద్దేవాడు కాదు, ఎందుకలా అనుకున్నావని మాత్రం అడిగేవాడు. శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణం వ్యాఖ్యానం వస్తుంటే ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవాళ్ళం. అదొక పెద్ద కథ, ఇంకోసారి రాస్తాను.

గుళ్ళో ప్రసాదం పంచడం మాకు అన్నిటికంటే ఇష్టమైన పని. ఆచార్యులు గారి భార్య ఇత్తడి గుండిగలో వండిన కట్టెపొంగలి గానీ, దద్ధోజనం గానీ, అరిటాకు ముక్కల్లో పెట్టి అందించాలి. దానికి మూడు షరతులు. అందరికీ ఒకే ముద్ద, మోతుబరి మనవడికైనా పాలేరు కొడుక్కైనా. వరసలో చివరనున్నవాళ్ళకు తక్కువవుతుందనిపిస్తే మొదటినుంచే ముద్ద తగ్గించాలి. పంచినవాళ్ళు ఆఖరున తినాలి. ఘుమఘుమలాడే మిరియాల పొంగలి చేతిలో పెట్టుకుని, ఆకలితో, వరస చివరిదాకా నడవడం చిన్నపిల్లలకు మామూలు సంగతి కాదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కాలవ అవతల దళితవాడ పిల్లలు ఆ వరసలో ఉండేవాళ్ళు కాదు. అంటరానితనాన్ని రాజ్యాంగం 1950లోనే రద్దు చేసినా, మా ఊళ్ళో వాళ్ళు గుడి మెట్లెక్కడం లేదు. వంతెన దగ్గర నిలబడితే ఎవరో ఒకరు గిన్నెలో ప్రసాదం తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేవారు. అందరికీ ఒకే ముద్ద అని మాకు నేర్పిన చోటే, ఆ అందరిలో వాళ్ళు లేరు. మాకు అంత మంచి చెప్పిన పెద్దలు ఈ ఒక్కటీ ఎందుకు చెప్పలేదా అని ఇప్పటికీ బాధపడతాను. నాకు అది తెలిసివచ్చింది ఉప్పెన ఏడు.

1977 నవంబరు 19, శనివారం. మధ్యాహ్నానికే గాలి తలుపులు నిలవనివ్వలేదు. రాత్రంతా పెద్ద గదిలో అందరం ఒకరినొకరం పట్టుకుని కూర్చున్నాం. తెల్లవారి చూస్తే కొబ్బరిచెట్లు ఒక్కటీ నిలువుగా లేవు, కోతకొచ్చిన వరి నీళ్ళ కింద ఉంది, దళితవాడలో గుడిసె అన్నది మిగల్లేదు. మా ఊరి దాకా సముద్రం రాలేదు. కింద సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళను మింగేసింది. దివిసీమలో పదివేలమందికి పైగా పోయారని తర్వాత తెలిసింది. రెండుమూడు రోజులకు కాలవగట్టు వెంట మనుషులు నడిచి రావడం మొదలైంది. కొందరి ఒంటిమీద బట్టలు కూడా సరిగ్గా లేవు.

ఆచార్యులు గారు మండపం తలుపులు బార్లా తీసిపెట్టారు. వచ్చినవాళ్ళను ఏ ఊరు, ఏ కులం అని అడగలేదు. కాలవ అవతలివాళ్ళను కూడా తనే వెళ్ళి పిలుచుకొచ్చారు. ఊరి పెద్దల్లో ఒకరిద్దరు సణిగితే, "స్వామి ఇల్లిది. తడిసి వచ్చినవాళ్ళను బయట నిలబెట్టమని ఆయన నాతో చెప్పలేదు" అన్నారు. నేను అక్కడే నాయనమ్మ కొంగు పట్టుకుని నిలబడి విన్నాను. ఆ సాయంత్రమే నాయనమ్మ మా ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ మూటగట్టి నా నెత్తిన పెట్టి గుడికి పంపింది. పెట్టెలో ఉన్న మంచి చీరలు కూడా రెండు అందులో ఉన్నాయి.

నెల తిరిగేసరికి ధనుర్మాసం వచ్చింది. మండపంలో ఇంకా కొన్ని కుటుంబాలు ఉన్నాయి. ఆ ఏడు పులిహోరలూ చక్కెరపొంగళ్ళూ లేవు. సాయంగా వచ్చిన బియ్యంలో పెసరపప్పు వేసి వండినదే నైవేద్యం, అదే అందరికీ పూటభోజనం. పాశురాలు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. 27వ రోజు కూడారై. వ్రతం ముగించి, నగలూ కొత్త బట్టలూ వేసుకుని, మోచేతిదాకా నెయ్యి కారే పాయసాన్నం అందరం కలిసి కూర్చుని తిందామని గోదమ్మ పాడే పాశురం. ఆచార్యులు గారు చదివి, మా అందరివైపూ చూసి, "నెయ్యి ఈసారి లేదు. కలిసి కూర్చోవడం మన చేతుల్లోనే ఉంది" అన్నారు. మండపం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే పంక్తి వేశారు. రైతులు, కూలీలు, కాలవ అవతలివాళ్ళు, సముద్రం ఒడ్డునుంచి వచ్చినవాళ్ళు, అందరూ అందులోనే.

నాతోపాటు వడ్డించడానికి నా ఈడు పిల్ల ఒకతిని పిలిచారు. వాళ్ళమ్మ ఉప్పెనలో పోయింది. వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె చేతికి హస్తం, అదే వడ్డించే గరిటె, ఇచ్చి, నన్ను గిన్నె పట్టుకోమన్నారు. మొదటి విస్తరి దగ్గర ఎంత పెట్టాలో తెలియక నావైపు చూసింది. ఇంత అని చేత్తో చూపించాను. అక్కణ్ణుంచి పంక్తి చివరిదాకా ముద్దకూ ముద్దకూ తేడా లేకుండా పెట్టుకుంటూ వచ్చింది. ఆఖరున మేమిద్దరం గుండిగ దగ్గరే కూర్చుని, అడుగున అంటుకున్నది గీరుకుని తిన్నాం. అప్పుడు అడిగింది, "రేపు కూడా నేనే పెట్టొచ్చా?" అని. సంక్రాంతి దాటాక వాళ్ళ మేనమామ వచ్చి తీసుకెళ్ళేదాకా రోజూ తనే పెట్టింది.

ఆ తర్వాత కాలవ అవతలివాళ్ళను మళ్ళీ మెట్లు దిగమనడానికి ఎవరికీ నోరు రాలేదు. దాంతో ఊరంతా మారిపోయిందని నేను చెప్పను. పెళ్ళి పందిళ్ళలో, టీ కొట్లలో ఆ గీత ఇంకా చాలాకాలం ఉంది. కానీ మా ఈడు పిల్లలకు అది తప్పని ఎవరూ మళ్ళీ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది, ఒకే పంక్తిలో తిన్నాం కాబట్టి.

ఇప్పుడు హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మనవరాలికి ఆరేళ్ళు. ఏడింటికల్లా స్కూల్ బస్సు. పాదులు లేవు, పేడ కావాలంటే గోశాల నుంచి తెప్పించుకోవాలి. పిల్లకు ఏమీ ఒంటబట్టడం లేదని మా కోడలికి ఒకటే టెన్షన్. శ్లోకాలు నేర్పే ఆన్‌లైన్ క్లాసులో చేర్పిద్దామా అత్తయ్యా అని అడిగింది. చేర్పించు, మంచిదే, కానీ దానికి చేతినిండా ఓ పని కూడా ఇద్దాం అన్నాను. మొదట హరిదాసు సంగతి చూశాం. సీజన్‌లో ఆయన ఈ కాలనీలకు వస్తాడు గానీ గేటు దగ్గరే ఆపేసేవారు. అసోసియేషన్ వాళ్ళతో మాట్లాడితే లోపలికి రానిచ్చారు. మనవరాలు దోసిట్లో బియ్యంతో లిఫ్ట్‌లో కిందికి దిగేసరికి సగం నేలమీద ఒలుకుతాయి. ఒలికినవి ఏరుకోవడం కూడా దాని పనే.

కూడారై జనవరి 11న వస్తుంది. ఆ రోజు సెల్లార్‌లో చాపలు పరిచి, వాచ్‌మన్ కుటుంబం, పనివాళ్ళు, ఫ్లాట్లవాళ్ళు అందరం ఒకే పంక్తిలో తినడం పోయిన ఏడు మొదలుపెట్టాం. మేం తర్వాత తింటాంలెండి అని వాచ్‌మన్ భార్య వెనక్కి తగ్గింది. మనవరాలు వాళ్ళబ్బాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది, వెనకే వాళ్ళమ్మా వచ్చింది. ఈసారి వాళ్ళిద్దరూ వడ్డిస్తామంటున్నారు. వాడికి హస్తం కావాలట, దీనికీ అదే కావాలట, పొద్దుట్నుంచీ అదే గొడవ. రెండోది కొనుక్కొస్తే సరిపోతుంది. వెన్న మాత్రం నిన్ననే తెప్పించాను, నెయ్యి నేనే కాస్తాను.